చెవి వెనుక కొండగుర్తులు

రేడియో మీట త్రిప్పి, దూరమునుండి వచ్చు పాటనో మాటనో ఇంటిల్లిపాదియు కూర్చుండి వినుచున్న వేళ, ఆ ధ్వని ఏ దారిని లోనికి పోవుచున్నదో మనలో ఎవ్వరును తలపోయము. చెవి నొచ్చినపుడు గాని చెవి యొకటి కలదను సంగతి మనకు జ్ఞప్తికి రాదు. అర్ధరాత్రివేళ బిడ్డ చెవి పట్టుకొని యేడ్చుట, తల్లి గోరువెచ్చని నూనె చుక్కలు వేయుట, తెల్లవారుసరికి తలగడపై చీము మరక కనబడుట, నొప్పి తగ్గినదని అందరును ఊరడిల్లుట, ఇది యెరుగని ఇల్లు అరుదు. అట్లు ఊరడిల్లుట అన్నివేళల క్షేమము కాదు. ఆ చీము బయటికి గాక లోనికి దారి చేసికొన్నచో ఏమగును? దానిని వెదకి పట్టుటకు వైద్యుడు ఎముకను ఎచ్చట తొలువవలెను? ఈ రెండవ ప్రశ్నకు నమ్మదగిన సమాధానము దొరకుటకు సుమారు నూటయేబది సంవత్సరములు పట్టినది. ఆ కథయే మేము నేడు చెప్పబూనినది.

పాఠకులు ఒక్క నిమిషము తమ చూపుడువ్రేలిని చెవి వెనుక నుంచి తడిమిచూతురు గాక. గట్టి బుడిపె యొకటి తగులును. దీనినే వైద్యులు మాస్టాయిడు ఎముక యందురు. పైకి రాయివలె తోచు నీ యెముక లోపల తేనెపట్టు వంటిది. గదులు గదులుగా నుండి, వానియందు గాలి నిండియుండును. ఆ గదులలో పెద్దది, అన్నిటికిని ముందుది, యాంట్రము అను కుహరము. అది యొక సన్నని దారి గుండ, కర్ణభేరి కావలనున్న మధ్యచెవితో కలసియుండును. కనుకనే మధ్యచెవిలో పుట్టిన చీము ఈ గదులలోనికి పాకగలదు. గదుల నడిమి గోడలను అది తినివేయును. చెవి వెనుక వాపు, జ్వరము, విడువని నొప్పి కలుగును.

యాంట్రము చిన్నదే గాని, దాని ఇరుగుపొరుగు సామాన్యమైనది కాదు. దాని పైకప్పు ఒక పలుచని ఎముకరేకు; ఆ రేకు మీదనే మెదడు పొరలు, మెదడు. వెనుకవైపున మెదడునుండి మెడలోనికి రక్తమును దింపు పెద్ద సిర. లోపలి గోడయందు, శరీరము తూలిపడకుండ కాపాడు అర్ధవర్తుల కుల్యలు. వాని చెంతనే సన్నని ఎముక గొట్టములో సాగిపోవు ముఖనాడి. మనము నవ్వుటయు, కన్ను మూయుటయు ఆ నాడి వలననే. కావున ఉలి ఒక కొంచెము పైకి పోయినచో మెదడునకు ముప్పు. వెనుకకు పోయినచో నెత్తురు వెల్లువ. లోనికి పోయినచో తలత్రిప్పటయు చెవుడును. ముఖనాడిని తాకినచో జీవితాంతము వంకరపోయిన మోము. ఇన్ని అపాయముల నడుమ ఒక చిన్న కుహరమును వెదకుట, చీకటియింట పొరుగువారి గోడ తగులకుండ మన గోడలో కన్నము వేయుట వంటిది.

ఈ ఇంటి పటమును గీయువారు తొలుత శస్త్రవైద్యులు కారు. శరీరనిర్మాణమును పరిశీలించిన పండితులు. ఇటలీ దేశమున పాడువా విశ్వవిద్యాలయ ఆచార్యుడైన గాబ్రియెలే ఫలోప్పియో 1561లో ప్రకటించిన గ్రంథమున ముఖనాడి సాగిపోవు ఎముక గొట్టమును వర్ణించెను. నేటికిని ఆ గొట్టము అతని పేరనే పిలువబడుచున్నది. అదే దేశమువాడైన వల్సాల్వా 1704లో మానవుని చెవిని గూర్చి ప్రత్యేకముగ నొక గ్రంథమును వెలువరించెను. అయినను పటము గీచినవాని చేతిలో ఉలి లేదు. ఉలి పట్టినవానికి పటము పూర్తిగా తెలియదు. ఈ రెండును కలియుటకు చాలకాలము పట్టినది.

ఫ్రాన్సు దేశమున పారిస్ నగరములో ఝాన్ లూయీ పెతీ అను ప్రసిద్ధ శస్త్రవైద్యుడుండెను. చీము పట్టిన మాస్టాయిడు ఎముకను తొలిచి రోగిని బ్రతికించిన మొదటివాడుగా అతనిని చెప్పుదురు. ఇది 1736 నాటి మాట. మత్తుమందు లేదు, క్రిములను గూర్చిన జ్ఞానము లేదు. పెతీ నమ్మినది ఒక్కటే: ఎముకలో చీము చిక్కుకొన్నచో దానికి బయటికి దారి చూపవలెను. అతని అనుభవములు అతడు గతించిన తరువాత 1774లో గాని అచ్చు కాలేదు.

తరువాత 1776లో ప్రష్యా సైన్యమున వైద్యుడైన జాసర్ అనునతడు ఒక సైనికుని చెవి వెనుక ఎముకను తెరచెను. చిరకాలముగ కారుచున్న చెవి నెమ్మదించినది. అంతట రెండవ చెవికిని అదే చికిత్స చేసెను. వినికిడియు మెరుగుపడినదను వార్త దేశములందు వ్యాపించినది. ఇక్కడనే పొరపాటు మొదలైనది. చీమును తీయుటకై పుట్టిన చికిత్స, చెవుడును పోగొట్టు చికిత్సగా పేరు పొందెను. చీములేని చెవులను సైతము తెరచుటకు వైద్యులు సిద్ధపడిరి. తెరపించుకొనుటకు రోగులు ముందుకు వచ్చిరి.

అట్లు ముందుకు వచ్చినవారిలో డెన్మార్కు రాజవైద్యుడైన బెర్గర్ ఒకడు. అతనికి చెవుడు, చెవిలో విడువని హోరు. స్వయముగ వైద్యుడయ్యు, 1791లో కోపెన్‌హేగన్ నగరమున తన ఎముకను తెరచుటకు అంగీకరించెను. కొలది దినములకే మెదడు పొరల వాపుతో మరణించెను. మరణించినవాడు సామాన్యుడు కాడు, రాజవైద్యుడు. ఆ వార్తతో ఐరోపాఖండమంతటను ఈ శస్త్రచికిత్స పేరు చెప్పుటకే వైద్యులు జంకిరి. ఇంచుమించు డెబ్బది, ఎనుబది సంవత్సరములు దానిని ముట్టినవారు అరుదు.

ఈ చరిత్రలో మిక్కిలి విచారింపదగిన భాగము ఇదియే యని మాకు తోచును. చేయరాని చోట చేసినందువలన, చేయవలసిన చోటను అది మానివేయబడినది. ఆ డెబ్బది ఎనుబది యేండ్లలో చెవినుండి చీము మెదడునకెక్కి చనిపోయిన పిల్లలెందరో, పెద్దలెందరో లెక్క చెప్పగలవారు లేరు. చికిత్సను నిందించిరే గాని, ఎప్పుడు చేయవలెను, ఎచ్చట తొలువవలెను అను రెండు ప్రశ్నలకును సమాధానము లేకుండుటయే అసలు దోషమని గుర్తించినవారు తక్కువ.

ఐర్లండు దేశమున డబ్లిన్ నగరపు చెవి వైద్యుడు విలియం వైల్డ్ 1853లో చెవి రోగములపై ఒక గ్రంథము ప్రకటించెను. చెవి వెనుక వాచి చీము పట్టినపుడు, ఆలసింపక చర్మమును ఎముక వరకు కోయవలెనని అతడు బోధించెను. ఆ కోత అతని పేరనే వ్యవహరింపబడినది. చీము కారు చెవిని ఎన్నడును తేలికగ చూడరాదని చెప్పినవాడతడు. విధి విచిత్రమైనది. అతని కుమారుడే ప్రసిద్ధ రచయిత ఆస్కార్ వైల్డ్. ఆ కుమారుడు 1900 నవంబరు 30న పారిస్ నగరమున మరణించెను. చిరకాలపు చెవి వ్యాధి మెదడు పొరలకు పాకుటయే దానికి కారణమని వైద్యచరిత్రకారులలో పలువురి అభిప్రాయము.

ఎప్పుడు చేయవలెను అను ప్రశ్నకు స్పష్టమైన సమాధానము జర్మనీ నుండి వచ్చినది. హాలె నగరమున హెర్మన్ ష్వార్ట్‌జె అను ఆచార్యుడు తన సహచరుడగు ఐజెల్‌తో కలసి 1873లో ఒక వ్యాసమాలను ప్రకటించెను. చెవుడు పోవుటకు గాని, హోరు తగ్గుటకు గాని ఎముకను తెరువరాదు. ఎముకలో వ్యాధి యున్నపుడు దానిని తెరువక మానరాదు. ఇదియే అతని సిద్ధాంతము. బరమాతో రంధ్రము చేయుట గ్రుడ్డిగా బావి త్రవ్వుట వంటిదని అతడు దానిని విడిచి, ఉలియు సుత్తియు చేపట్టెను. వెడల్పుగా తెరచుచు, కంటితో చూచుచు, పొర పొరగా లోనికి దిగుట అతని పద్ధతి. నేటి మాస్టాయిడు శస్త్రచికిత్సకు పునాది అదియే.

ఇక ఎచ్చట తొలువవలెను అను ప్రశ్న మిగిలినది. ఇందులకు సాయపడిన గుర్తులలో నొకటి, జర్మను శరీరశాస్త్రజ్ఞుడు యాకోబ్ హెన్లె పేరను వెలసినది. హెన్లె 1809లో పుట్టి 1885లో గతించెను. మూత్రపిండములలోని యొక సూక్ష్మనాళపు వంపునకును ఇతని పేరే కలదు. పుర్రెను చేతబట్టి చూచినచో, చెవి రంధ్రపు వెనుక, పైయంచున చిన్న ముల్లువంటి ఎముక మొన కనబడును. అదే హెన్లె ముల్లు. దానికి కొంచెము వెనుకగా చిన్న చిన్న బెజ్జములతో జల్లెడవలె నుండు చోటొకటి కలదు. దాని లోతట్టుననే యాంట్రము.

ఈ చోటునకు కొలతలతో ఎల్లలు నిర్ణయించినవాడు స్కాట్లండు దేశీయుడు విలియం మెక్యూవెన్. ఇతడు 1848లో పుట్టెను. జోసెఫ్ లిస్టర్ గ్లాస్గో నగరమున కార్బాలిక్ ఆమ్లముతో గాయములను శుద్ధిచేయు పద్ధతిని నెలకొల్పిన కాలమున, మెక్యూవెన్ అచ్చట విద్యార్థి. కనుక తెరచిన గాయము కుళ్లక మానుటను యౌవనముననే చూచినవాడు. 1876లో నొక బాలుడు అతని చికిత్సకు వచ్చెను. అది చెవినుండి పుట్టిన వ్యాధి కాకపోయినను, ఇచ్చట చెప్పదగినది. బాలుని లక్షణములను బట్టి, మెదడులో ఫలానా చోట చీము చేరినదని మెక్యూవెన్ నిర్ణయించి, తెరచెదనని చెప్పెను. ఇంటివారు ఒప్పుకొనలేదు. బాలుడు మరణించెను. మరణానంతరము అనుమతి పొంది తెరచిచూడగా, అతడు చెప్పిన చోటనే చీము కనబడినది. ఆ తల్లిదండ్రులను తప్పుపట్టుటకు మాకు మనసొప్పదు. నాటివరకు తలను తెరచుట యనగా చావునకు పిలుపు. నమ్ముటకు వారికి ఆధారమేది?

ఆ ఆధారమును చూపుటయే మెక్యూవెన్ తరువాతి పదునేడేండ్ల కృషి. అతని మహాగ్రంథము 1893లో వెలువడినది. మెదడులో చీము చేరిన రోగులలో 19 మందికి శస్త్రచికిత్స చేయగా 18 మంది బ్రతికిరని అందు చూపెను. ఈ చీములలో పెక్కింటికి మూలము చెవియే. కనుక యాంట్రమునకు భద్రమైన దారి యేదని అతడు పుర్రెలను పరిశీలించి నిర్ణయించెను. అదే నేడు మెక్యూవెన్ త్రికోణమని ప్రసిద్ధికెక్కినది.

ఆ త్రికోణమును మాటలలో ఇట్లు చెప్పవచ్చును. చెంప ఎముకనుండి చెవిమీదుగా వెనుకకు సాగు ఎముక గట్టు పై భుజము. చెవి రంధ్రపు అంచులో వెనుక పైభాగము రెండవ భుజము. రంధ్రపు వెనుక అంచును తాకుచు, ఆ గట్టు వరకు నిలువుగా గీచినట్లు ఊహించుకొనిన గీత మూడవ భుజము. చెవి డొప్పలో పైభాగమున నున్న గుంటలో వ్రేలికొస నుంచి వెనుకకు అదిమినచో, ఇంచుమించు ఈ త్రికోణము మీదనే వ్రేలు ఆనును. పెద్దవారిలో ఇచ్చటినుండి సుమారు 12 మొదలు 15 మిల్లీమీటర్ల లోతున యాంట్రముండును. పై గట్టు దాటి పైకి పోరాదు, ఆవల మెదడు. వెనుక గీత దాటి వెనుకకు పోరాదు, ఆవల పెద్ద సిర. త్రికోణము ఎచ్చట తొలువవలెనో చెప్పుటయే గాక, ఎచ్చట తొలువరాదో కూడ చెప్పినది. పొలము గట్టు రాయి రెండువైపుల వారికిని మాట చెప్పునట్లే ఇదియు.

అయితే గుర్తు దొరకినంత మాత్రమున గండము గడచినట్లు కాదు. మనుష్యుల ముఖములవలెనే వారి ఎముకలును ఒక్క తీరున నుండవు. హెన్లె ముల్లు కొందరిలో కనబడనే కనబడదు. అప్పుడే పుట్టిన శిశువునకు మాస్టాయిడు బుడిపె యుండదు. యాంట్రము చర్మమునకు చేరువగా, ఎముకలో 2 మిల్లీమీటర్ల లోతుననే యుండును. ముఖనాడియు చర్మమునకు దగ్గరగా బయటపడును. పెద్దవారికి చేసినట్లు చెవి వెనుక క్రిందివరకు కోసినచో, పసిబిడ్డ ముఖము శాశ్వతముగ చెడిపోవును. బిడ్డ మెడ నిలిపి, తల యెత్తి, మెడ కండరము ఆ యెముకను లాగుచుండగా, రెండవ యేట గాని బుడిపె యేర్పడదు. కావున పసివారి కోతను పైగా, అడ్డముగ చేయవలెనని వైద్యులు నేర్చుకొనిరి.

మరియొక మోసము లోపల పొంచియుండును. కొందరి ఎముకలో గదుల నడుమ గట్టి పలక యొకటి అడ్డముగ నుండును. దానిని చేరిన వైద్యుడు, యాంట్రపు అడుగు ఇదియే యని భ్రమపడి ఆగిపోవును. అసలు యాంట్రము, చీముతో సహా, ఆ పలక కావలనే మిగిలిపోవును. రోస్టాక్ నగరపు ఆచార్యుడు ఒట్టో కర్నర్ పేరను ఈ పలక పిలువబడుచున్నది. ఇది కాదు నిజమైన అడుగు అని తెలియుటకు మరియొక గుర్తు కావలెను. ఆ గుర్తు బయటి అర్ధవర్తుల కుల్య. యాంట్రపు లోపలి గోడమీద దంతమువలె నునుపుగా, గట్టిగా, ఉబ్బెత్తుగా నది మెరయును. దానిని చూచినపుడే వైద్యునికి తాను సరియైన చోటికి చేరితినన్న ధైర్యము కలుగును. దానికి ముందుగా దాగలి యను చిన్న ఎముక కొస కనబడును. ముఖనాడి ఈ కుల్యకు క్రిందుగా వంపు తిరిగి దిగిపోవును. ఇట్లు బయటి గుర్తు లోపలి గుర్తును చూపును. అది మరి లోపలి గుర్తును చూపును. ఒక్కదానిని నమ్మి పరుగెత్తినవాడు చెడును. ఒక్కొక్కదానిని మరియొకదానితో సరిచూచుకొనుచు దిగినవాడు గమ్యమును చేరును.

ఇరువదవ శతాబ్దమున ఈ చికిత్స రూపమే మారినది. 1921లో స్వీడన్ దేశమున స్టాక్‌హోమ్ నగరపు వైద్యుడు నీలెన్ చెవి శస్త్రచికిత్సలో సూక్ష్మదర్శినిని ప్రవేశపెట్టెను. 1953లో జర్మనీలోని జైస్ సంస్థ శస్త్రచికిత్సకు అనువైన సూక్ష్మదర్శినిని విపణికి తెచ్చిన పిమ్మట అది సర్వసామాన్యమైనది. సుత్తి దెబ్బలు పోయి, విద్యుత్తుతో తిరుగు సన్నని బరమా వచ్చెను. ష్వార్ట్‌జె నాడు విడిచిన బరమాయే, చూపు తోడు కాగా గౌరవముతో తిరిగి వచ్చినది. 1935లో సల్ఫా మందులు, 1940 దశాబ్దమున పెనిసిలిన్ వచ్చిన తరువాత, మాస్టాయిడును అత్యవసరముగ తెరువవలసిన అగత్యము చాల తగ్గిపోయినది.

అంతట ఈ గుర్తులకు పని తీరిపోయినదా? లేదు. వేరొక పని దొరకినది. 1957లో పారిస్ నగరమున జూర్నో, ఎయిరీ అను నిరువురు చెవిటివాని లోపలిచెవిలో విద్యుత్తీగ నుంచి, ధ్వని తోచునట్లు చేయగలిగిరి. 1961లో అమెరికాలోని లాస్ ఏంజలిస్ నగరమున విలియం హౌస్ ఆ పనిని ముందుకు కొనిపోయెను. దానినుండియే నేటి కాక్లియర్ ఇంప్లాంటు పుట్టినది. ఈ చికిత్సలో సన్నని తీగను కర్ణావర్తము వరకు చేర్చవలెను. దారి యేదనగా, సాధారణముగ పాత దారియే. చెవి వెనుక ఎముక, యాంట్రము, బయటి కుల్య, దాగలి కొస. అటుపిమ్మట ముఖనాడికిని, నాలుక ముందుభాగపు రుచిని తెలుపు నాడికిని నడుమనున్న కొలది మిల్లీమీటర్ల సందు. ఆ సందు గుండ తీగ లోనికి పోవును. ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకమున పుట్టుచెవుడు గల పసిబిడ్డలకు ఈ చికిత్సయు చేర్చబడుటచే, తెలుగునాట పేద కుటుంబములకును ఇది పరిచయమైనది. పిలిచినను పలుకని బిడ్డ, తొలిసారి తల్లి గొంతునకు తలత్రిప్పుట వెనుక ఈ రెండున్నర శతాబ్దముల దారి యున్నదని తలచినపుడు మాకు ఆశ్చర్యము కలుగును.

ఇచ్చట మరియొక సంగతి గమనింపదగినది. బెర్గర్ కోరినది వినికిడి. అందులకై ఎముకను తెరచుట నాడు తప్పు. నేడు అదే ఎముకను వినికిడి కొరకు తెరచుట ఒప్పు. ఎముక మారలేదు, మనుష్యుని కోరికయు మారలేదు. మారినది జ్ఞానము. 1971లో లండనులో తొలి రోగికి సీటీ స్కాను తీయబడినది మొదలు, ఎముక లోపలి గదులను కోతకు ముందే చిత్రముగ చూడగలుగుచున్నాము. అయినను శస్త్రవైద్య విద్యార్థులు నేటికిని శవాస్థిని ముందుంచుకొని, బరమా చేతబట్టి, హెన్లె ముల్లునుండియే దారి నేర్చుకొందురు. చిత్రము ఎంత చక్కగ చూపినను, చేతికి గుర్తు తెలియవలెను గదా!

పాఠకగృహములకు ఈ చరిత్రవలన కలుగు ప్రయోజనమును చెప్పి ముగింతుము. కారు చెవి దానంతట అదే మానునని ఏండ్ల తరబడి ఉపేక్షింపరాదు. నూనె పోయుటయు, పుల్ల పెట్టుటయు వైద్యము కాదు. చెవి వెనుక వాపు, చెవి డొప్ప ముందుకు పొడుచుకొని వచ్చుట, తీవ్రమైన తలనొప్పి, జ్వరము, తలత్రిప్పట, మూతి వంకరపోవుట, వీనిలో ఏ ఒక్కటి కనబడినను ఆ దినముననే వైద్యుని జూపవలెను. శస్త్రవైద్యుని గుర్తులు ఎముకమీద నుండును. ఇంటివారి గుర్తులు ఇవి. 1876లో ఆ బాలుని తల్లిదండ్రులకు నమ్ముటకు ఆధారము లేదు. మనకు కలదు.